పిల్లను కౌన్సిలర్ ఆఫీసుకు పంపుదాం, జెండా మాత్రం పట్టనివ్వొద్దు

గత వేసవి సెలవుల్లో మా సంఘంలో ఒక అమ్మాయి విషయమై పెద్ద చర్చే జరిగింది. పదో తరగతి పబ్లిక్ పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్న పిల్ల. వయసు 16. ఉత్తర చెన్నైలో మా వీధికి దగ్గరలోని ఒక వార్డు కౌన్సిలర్ ఆఫీసులో సెలవులన్నాళ్లూ వచ్చి రాతపని చేసిపెట్టమని ఆమెను అడిగారు. చదువుకున్నవాళ్లు దీన్ని ఇంటర్న్‌షిప్ అంటారు. మా వీధిలో మాత్రం "కౌన్సిలర్ దగ్గర రాసే పని" అన్నారు.

ఆ పిలుపు వచ్చిన తీరు చెప్పాలి. మా సంఘంలో సగానికి పైగా కుటుంబాలు కార్పొరేషన్ పారిశుద్ధ్య పనితో బతికినవి. నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి మూడు నాలుగు తరాల కిందట వచ్చి ఇక్కడే స్థిరపడ్డాయి. పెద్దవాళ్లకు తమిళం మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. పిల్లలు బడిలో తమిళమే మొదటి భాషగా చదువుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని తెలుగు బైబిలు చదవమంటే తడుముకుంటారు. ఈ అమ్మాయి తన నాయనమ్మను వెంటబెట్టుకుని పింఛను సంగతి అడగడానికి ఆ ఆఫీసుకు వెళ్లింది. అక్కడే కూర్చుని తమిళంలో అర్జీ రాసి ఇచ్చింది. ఆఫీసు పనులు చూసుకునే ఆయన ఆ అక్షరాలు చూసి, "మీ వీధి పెద్దవాళ్లు చెప్పేది మాకు సగమే అర్థమవుతుంది. సెలవులేగా, వచ్చి రాసిపెట్టమ్మా" అన్నాడట.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆ సంగతి మా ముందుకు వచ్చింది. సంఘ పెద్ద ఒకాయన, "విశ్వాసుల పిల్లకు పార్టీ ఆఫీసులో ఏం పని?" అన్నారు. తల్లి భయం వేరు. "పదిమంది మగవాళ్లు వచ్చిపోయే చోటు, అయ్యగారూ" అంది. తండ్రికి ఒక ఆశ, రేపు ఏదైనా ఉద్యోగానికి ఆ పరిచయం పనికొస్తుందని. నాయనమ్మ ఒక్కతే, "పోనీయండి, దాని చేతిలో అక్షరం ఉంది" అంది. అందరూ మా వైపు చూశారు. "ప్రార్థన చేద్దాం, వచ్చే వారం చెబుతాం" అన్నాం. జవాబు చెప్పే ధైర్యం చాలనప్పుడు కాపరులం చెప్పే మాట అది.

ఆ వారమంతా ఒక సంగతి మమ్మల్ని తొలిచింది. వేదాంత కళాశాలలో ఆమోసు, మీకా ప్రవక్తల మీద పేజీలకు పేజీలు పరీక్షలు రాశాం. ఊరేగింపుల్లో నడిచాం, ధర్నాల్లో కూర్చున్నాం. కానీ మా వీధిలో దీపం వెలగకపోతే ఎవరికి చెప్పాలో, చెప్పింది ఏ పుస్తకంలోకి ఎక్కుతుందో మాకు సరిగా తెలియదు. కౌన్సిలర్ ఏం చేయగలరో, ఏం చేయలేరో అడిగితే నీళ్లు నమిలేవాళ్లం. మాకు తెలియనిదాన్ని నేర్చుకునే అవకాశం ఒక పిల్లకు వస్తే మేము వద్దనడమా?

మరుసటి ఆదివారం "పంపండి" అన్నాం. ఆ ఆరువారాల్లో జరిగింది చూశాక మా అభిప్రాయం ఇంకా గట్టిపడింది. మన పిల్లలు ఇలాంటి ఆఫీసులకు వెళ్లాలి. అయితే వాళ్లను సంఘమే పంపాలి. తండ్రి పరిచయం మీదనో, పార్టీ దయ మీదనో వెళ్లిన పిల్ల అక్కడ దేనికీ కాదనలేదు. సంఘం పంపిన పిల్ల అవసరమైనప్పుడు లేచి రాగలుగుతుంది.

ముందు ఆ ఆఫీసు సంగతి కొంచెం. చెన్నై కార్పొరేషన్ 1688లో ఏర్పడింది, మన దేశంలోకెల్లా పాతది. ఇప్పుడు 200 వార్డులు ఉన్నాయి. 2016 అక్టోబరులో సభ్యుల గడువు ముగిస్తే మళ్లీ ఎన్నికలు జరిగింది 2022 ఫిబ్రవరిలో. అయిదేళ్లకు పైగా వార్డుకు కౌన్సిలరే లేరు, అంతా అధికారుల పాలన. ఈ పిల్ల చిన్న తరగతుల్లో ఉన్న ఏళ్లు దాదాపు అవే. 2022 ఎన్నికల తరువాత ఆర్. ప్రియ 28 ఏళ్ల వయసులో మేయర్ అయ్యారు. ఈ నగరానికి తొలి దళిత మహిళా మేయర్ ఆమె. కార్పొరేషన్‌కు పోటీ చేయడానికి 21 ఏళ్లు నిండితే చాలు. అంటే మేము చెబుతున్న పిల్ల ఇంకో రెండేళ్లలో ఓటు వేస్తుంది, అయిదేళ్లలో తానే నిలబడవచ్చు. రాజకీయం పిల్లలకు దూరపు సంగతి అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి.

మొదటి వారం ఆమె నేర్చుకున్నది ఏ పని ఏ గుమ్మంలో అవుతుందన్నది. వర్షపు నీటి కాలువ, వీధి దీపం, చెత్త, ఇవి కార్పొరేషన్‌వి. తాగునీరు, మురుగు పైపు మెట్రో వాటర్ బోర్డువి. కరెంటు విద్యుత్ బోర్డుది. కులధ్రువీకరణ పత్రం తహసీల్దారు ఇస్తారు. మా వీధి మధ్యలో మురుగు పొంగితే జనం కౌన్సిలర్ దగ్గరికి పోతారు, ఆయన మెట్రో వాటర్‌కు ఫోను చేస్తారు, వాళ్లు అది వర్షపు కాలువ అంటారు. ఈ ఇద్దరి మధ్య మా జనం ఏళ్ల తరబడి తిరిగారు. ఒక శనివారం ఆ పిల్ల సండే స్కూలు బోర్డు మీద ఇదంతా పట్టికలా గీసి చూపించింది. మేము కూడా బెంచీ మీద కూర్చుని రాసుకున్నాం.

రెండో వారం ఆమె కంట పడింది అసలు సంగతి. ఆఫీసులో అర్జీలు రాసుకునే ఒక పెద్ద పుస్తకం ఉంది. పాత పేజీలు తిరగేస్తే పక్క వీధుల నుంచి దీపాలు, కాలువలు, పబ్లిక్ టాయిలెట్లు, బడి గోడ, ఇలా రకరకాల అర్జీలు నమోదై ఉన్నాయి. మా వీధి పేరుతో ఉన్నవి చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మావాళ్లు రాక కాదు. రోజూ ఎవరో ఒకరు వెళ్తూనే ఉంటారు. వెళ్లి నోటితో చెబుతారు. "చూద్దాం" అంటారు, వీళ్లు దండం పెట్టి వచ్చేస్తారు. కాగితం లేదు కనుక నంబరు లేదు, నంబరు లేదు కనుక మళ్లీ అడిగే హక్కు లేదు. పుస్తకం ప్రకారం మా వీధిలో కష్టాలే లేవు.

ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ తరిమేయలేదు. రాయగలిగినవాడి కష్టం పుస్తకంలోకి ఎక్కింది, చెప్పుకున్నవాడిది గాలిలో కలిసింది. నాలుగు తరాలుగా ఈ నగరం ఊడ్చిన మనుషులు నగరం పుస్తకంలో కనబడకుండా పోవడానికి అంత మాత్రం చాలింది.

ఆ పిల్ల ఈ సంగతి చెప్పిన రోజు మాకు అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం గుర్తుకొచ్చింది. యెరూషలేములో రోజూ జరిగే పంపకంలో గ్రీకు భాష మాట్లాడేవాళ్ల విధవరాండ్రు తప్పిపోతున్నారని అక్కడ సణుగు పుట్టింది. హెబ్రీయులకూ వీళ్లకూ విశ్వాసం ఒకటే, ఊరు ఒకటే. తేడా భాషలో ఉంది. అపొస్తలులు ఆ మాటను కొట్టిపారేయలేదు. ఏడుగురిని ఏర్పరచి ఆ పని అప్పగించారు. స్తెఫను, ఫిలిప్పు మొదలుకొని ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. ఎవరి కష్టం జాబితాలో తప్పిపోయిందో వాళ్లలోనివాళ్ల చేతికే జాబితా ఇచ్చారన్నమాట. సంఘంలో పరిచారకుల గురించి మేము ఈ భాగం మీద ఎన్నోసార్లు బోధించాం. అది భాషా మైనారిటీ పెట్టుకున్న ఒక అర్జీ అని పదహారేళ్ల పిల్ల వల్ల తెలుసుకున్నాం.

అక్కడి నుంచి ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. మావాళ్లు నోటితో చెప్పిందంతా తమిళంలో రాయడం, చదివి తెలుగులో వినిపించడం, వేలిముద్రో సంతకమో పెట్టించడం, పుస్తకంలో ఎక్కించి నంబరు చీటీ చేతిలో పెట్టడం. కార్పొరేషన్ ఫిర్యాదుల నంబరు 1913కు ఫోను చేసి అక్కడిచ్చే నంబరు కూడా అదే చీటీ వెనక రాసేది. ఆరువారాలు పూర్తికాకముందే 31 అర్జీలు ఎక్కాయి. వాటిలో 9 తీరాయి. మూడు వీధి దీపాలు వెలిగాయి, కాలువ మీద విరిగిన పలక మార్చారు, మిగతావి చిన్నాచితకా. తీరనివి 22. అందులో నాయనమ్మ పింఛను కూడా ఉంది. ఇదేమీ అద్భుతం కాదు. అయితే ఇప్పుడు ఆ 22 ఉన్నాయని అందరికీ తెలుసు, వాటికి తేదీలున్నాయి. కావాలంటే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి అడగవచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఇంకో సంగతి ఆమె గమనించింది, మేము ఎన్నడూ గమనించనిది. 2023 సెప్టెంబరులో తమిళనాడులో అర్హులైన గృహిణులకు నెలకు వెయ్యి రూపాయలు ఇవ్వడం మొదలైంది. ఆ పథకం పేరులోనే 'ఉరిమై' అన్న మాట ఉంది. ఉరిమై అంటే హక్కు. ఆఫీసుకు వచ్చే ఆడవాళ్లు మాత్రం "ఆ డబ్బు ఇప్పించండి, మీ పేరు చెప్పుకుంటాం" అనేవారట. "పేరులోనే హక్కు అని రాసి ఉంది కదా అయ్యగారూ, మరి ఎందుకు బతిమాలుతున్నారు?" అని అడిగింది. ప్రభుత్వం హక్కు అని రాసినా మన నాలుక మీద అది దయగానే ఉంటుంది. తరతరాల అలవాటు. దాన్ని ఒక ప్రసంగం మార్చలేదు. ఒక పిల్ల బల్ల అవతల కూర్చుని రోజూ చూస్తే కొంత మారుతుంది.

మరొక రోజు ఆమె అడిగిన ప్రశ్నకు మేము తడబడ్డాం. ఒకామె ఇద్దరు కొడుకుల కాగితాలు పట్టుకుని వచ్చింది. పెద్దవాడి పత్రంలో హిందూ ఆది ఆంధ్ర, షెడ్యూల్డ్ కులం. చిన్నవాడి కాగితాల్లో క్రైస్తవుడని పడింది, అందువల్ల వెనుకబడిన తరగతి. ఒకే తల్లి, ఒకే ఇల్లు, తండ్రి పట్టింది ఒకే చీపురు. "మనం కాగితంలో ఎవరం అయ్యగారూ?" అంది పిల్ల. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కుల హోదాను హిందువులకు పరిమితం చేసిందనీ, 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ దాన్ని విస్తరించారనీ, దళిత క్రైస్తవులు ఇప్పటికీ బయటే ఉన్నారనీ చెప్పాం. ఏటా ఆగస్టు 10న నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని నిరసన దినం పాటిస్తాం కదా, అది ఇందుకే అన్నాం. "అది ఇదా!" అంది. ఇన్నేళ్లు మా సండే స్కూలులో కూర్చున్న పిల్లకు ఆ బ్యాడ్జీ అర్థం ఒక రాజకీయ ఆఫీసు బల్ల దగ్గర తెలిసింది. ఆ తప్పు ఆఫీసుది కాదు, మాది.

ఇంతవరకు బాగానే ఉంది. అయిదో వారంలో చిక్కు వచ్చింది.

పార్టీ సభ ఒకటి పెట్టుకున్నారు. బయటి నుంచి నాయకుడు వస్తున్నాడు. "మీ వీధి ఆడపిల్లలను పదిమందిని పిలుచుకురా, ఒకే రంగు బట్టలు మేమిస్తాం, దారిలో నిలబడి పూలు చల్లితే చాలు" అన్నారు. ఆ సాయంత్రం పిల్ల మా ఇంటికి వచ్చింది. తనకు ఇష్టం లేదు. కానీ ఆమె భయం తన గురించి కాదు. "రానంటే రేపటి నుంచి మన వీధి అర్జీలు తీసుకోరేమో" అంది.

చదువరులు ఈ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. నాలుగు వారాలు హక్కు అని రాసిపెట్టిన పిల్లకే అయిదో వారంలో అది బేరమై కనబడింది. మన జనం ఏళ్లుగా నిలబడి ఉన్న చోటు అదే. జెండా మోస్తేనే దీపం, పూలు చల్లితేనే కాలువ. ఆ లెక్కలో మన వీధులు ప్రతి సభకూ లారీలెక్కాయి, పుస్తకంలోకి మాత్రం ఎక్కలేదు.

మరునాడు పొద్దున పిల్ల తల్లితో కలిసి మేము ఆఫీసుకు వెళ్లాం. "చిన్నపిల్ల. రాతపని ఎంతైనా చేస్తుంది, సభలకు రాదు, ఎవరినీ తీసుకురాదు" అని మర్యాదగానే చెప్పాం. ఆయన నవ్వి, "పూలు చల్లితే పాపమా అయ్యగారూ?" అన్నారు. వాదన పెట్టుకోలేదు. కానీ ఆ తరువాత పిల్లకు బల్ల దగ్గర కుర్చీ దొరకలేదు. టీ తెమ్మన్నారు, గ్లాసులు కడగమన్నారు. మూడు రోజులు చూసి నాలుగో రోజు మానేసింది. ఇంకా పది రోజుల సెలవు మిగిలే ఉంది.

"మేము ముందే చెప్పాం" అన్నారు సంఘ పెద్ద. ఆయన్ను తప్పుపట్టం. వలస వచ్చిన కుటుంబాల జాగ్రత్త అది. పరాయి రాష్ట్రం, పరాయి భాష, పైగా క్రైస్తవులం, తల వంచుకుని పోవడం మంచిదన్నది పెద్దల అనుభవం. కానీ మేము ఆయనను ఒకటి అడిగాం. తల వంచుకున్న ఇన్నేళ్లలో మన వీధికి ఏం దక్కింది? ఆ పుస్తకంలో మన పేజీ ఖాళీగా ఉంది కదా? రాజకీయం మురికి అని మనం దూరంగా ఉన్నంత మాత్రాన అది మన గుమ్మంలోకి రాక మానలేదు. పొంగిన మురుగులాగా వస్తూనే ఉంది. ఆ మురుగు ఎత్తింది మనవాళ్లే.

రాతతో మొదలుపెట్టిన మనిషి ఒకరు మనకు తెలుసు. బెజవాడ విల్సన్ కర్ణాటకలోని కోలారు బంగారు గనుల్లో, చేతులతో మలం ఎత్తే పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టారు. తనవాళ్లు ఆ పని చేయడం చూసి అధికారులకు ఉత్తరాలు రాయడంతో ఆయన పోరాటం మొదలైంది. తరువాత సఫాయి కర్మచారి ఆందోళన్ పుట్టింది, కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్లింది, 2016లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. మొదటి ఉత్తరాలకు జవాబు రాలేదని ఆయన మానుకోలేదు. మన పిల్లలు అందరూ విల్సన్ కానక్కరలేదు. ఒక ఉత్తరం ఎవరికి రాయాలో తెలిస్తే చాలు.

అమెరికాలో ఉన్న మన బంధువులు చెబుతుంటారు, అక్కడ హైస్కూలు పిల్లలు చట్టసభ సభ్యుల స్థానిక ఆఫీసుల్లో ఫోన్లు ఎత్తడం, ఉత్తరాలు సర్దడం మామూలేనని. సెనేటులోనైతే 16, 17 ఏళ్ల పిల్లలు పేజ్‌లుగా పనిచేస్తారు. అయితే వాళ్ల పార్లమెంటు ఆఫీసుల్లో చాలాకాలం ఇంటర్న్‌లకు ఎక్కువగా జీతం ఉండేది కాదు. ఇంట్లో ఆసరా ఉన్నవాళ్ల పిల్లలే రాగలుగుతున్నారన్న విమర్శ వచ్చి, 2018లో అక్కడి కాంగ్రెస్ వాళ్లకు డబ్బు కేటాయించింది. మన దగ్గరా అదే జరుగుతుంది, జాగ్రత్తపడాలి. ఇంగ్లీషు మీడియం పిల్లలు పెద్ద నాయకుల ఆఫీసుల్లో నెల రోజులు గడిపి సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. మన పిల్లలకు అదే పార్టీ జెండా మోసే పని మిగులుతుంది. ఒకే పార్టీ, రెండు గుమ్మాలు.

అందుకే ఈసారి మా సంఘం కొన్ని నియమాలు రాసుకుంది. అనుభవం నేర్పినవి కనుక మీ ముందు పెడుతున్నాం.

మొదటిది, కాగితం. పిల్ల పేరు, వయసు, ఏ రోజులు, ఏ గంటలు, ఏ పని అన్నది సంఘం తరపున ఉత్తరం రాసి ఆఫీసుకు ఇవ్వాలి. మేము పోయినసారి నోటిమాటతో పంపాం. అర్జీకి కాగితం ఉండాలని పిల్ల నేర్చుకుంది గాని ఆమెను పంపిన మేము నేర్చుకోలేదు. సభలు, ఊరేగింపులు, స్వాగతాలు ఈ పనిలో భాగం కావని ఆ ఉత్తరంలోనే ఉండాలి. ఎన్నికల ప్రచారంలో పిల్లలను ఏ విధంగానూ వాడకూడదని ఎన్నికల సంఘం 2024 ఫిబ్రవరిలో పార్టీలకు గట్టిగా చెప్పింది. మా ఊరి సభ ఎన్నికల సమయంలోది కాదు. అయినా పిల్ల ఎన్నికలప్పుడు ఎలా పిల్లో మిగతా రోజుల్లోనూ అలాగే పిల్ల.

రెండోది, ఒక్కరిని పంపకూడదు. ఇద్దరు పిల్లలు కలిసి వెళ్లాలి. వీధి కనబడే ముందు గదిలోనే కూర్చోవాలి. చీకటి పడకముందే ఇంటికి చేరాలి. వారానికొకసారి సంఘంలో ఒక పెద్ద స్త్రీ వెళ్లి చూసి రావాలి. తల్లి భయాన్ని అవిశ్వాసం అనకండి. అది న్యాయమైన భయం.

మూడోది, ఖర్చు సంఘానిది. బస్సు చార్జీ, మధ్యాహ్నం భోజనం సంఘం పెట్టాలి. పార్టీ పెట్టిన భోజనం తిన్న పిల్ల పూలు చల్లమంటే కాదనడం కష్టం. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను అసలు పంపవద్దు. ఇది సెలవుల్లో మాత్రమే, బడి పోగొట్టుకుని కాదు.

నాలుగోది, రహస్యం. ఆ బల్ల మీద జనం ఆధార్ కార్డులు, ఫోను నంబర్లు, రోగాల కాగితాలు ఉంటాయి. వాటిని సెల్‌ఫోనులో ఫొటో తీయకూడదు, బయట మాట్లాడకూడదు. ఎవరింటి కష్టమూ ప్రార్థన విన్నపం పేరుతో కూడా నలుగురిలో చెప్పకూడదు. ఈ చివరి మాట పిల్లలకంటే మనకే ఎక్కువ అవసరం.

అయిదోది, నేర్చుకున్నది వీధిది. నెలకొకసారి ఆరాధన తరువాత పదిహేను నిమిషాలు పిల్ల నిలబడి ఏ అర్జీ ఎక్కడ ఉందో చెప్పాలి. ఆ పిల్ల మానేసినా ఇంకొకరు కొనసాగించేలా నోటుపుస్తకం సంఘంలో ఉండాలి. తండ్రి కోరుకున్న పరిచయం తండ్రికే పోతే మనం ఇంకొక దళారిని తయారుచేసినట్టే.

"మా ఊళ్లో కౌన్సిలరే లేడు, ఎక్కడికి పంపాలి?" అని కొందరు అడగవచ్చు. నిజమే. యానాం సహా పుదుచ్చేరిలో స్థానిక ఎన్నికలు 2006లో జరిగాయి. ఆ సభ్యుల గడువు 2011లో ముగిశాక ఏళ్లు గడిచినా మళ్లీ జరగలేదు. బెంగళూరులో 2020 సెప్టెంబరులో కార్పొరేటర్ల గడువు ముగిస్తే ఏళ్ల తరబడి అధికారులే నడిపారు. ముంబయిలో 2022 మార్చి నుంచి 2026 జనవరి దాకా అదే కథ నడిచింది. ఒడిశాలోని బరంపురంలో మాత్రం 2022లో జనం నేరుగా మేయర్‌కు ఓటు వేశారు. ఒక్కో చోట ఒక్కో పరిస్థితి. కౌన్సిలర్ లేనిచోట ఎమ్మెల్యే ఆఫీసు ఉంటుంది, వార్డు ఇంజినీరు ఉంటారు, తహసీల్దారు ఆఫీసు ఉంటుంది. కర్ణాటక పల్లెల్లో ఏటా పిల్లల కోసమే గ్రామసభ పెడతారు. అక్కడ మన పిల్లలు నోరు విప్పుతున్నారా అని ఎప్పుడైనా అడిగామా? ఎన్నికలు పెట్టకపోవడం మీద కూడా ఒక అర్జీ రాయవచ్చు. అదీ పిల్లలకు మంచి పాఠమే.

మోషే ముందు అయిదుగురు అక్కచెల్లెళ్లు నిలబడిన సంగతి సంఖ్యాకాండములో ఉంది. సెలోపెహాదు కూతుళ్లు. తండ్రికి కొడుకులు లేరని తమ భూమి పోవడం న్యాయమా అని పెద్దలందరి ముందు అడిగారు. వాళ్లు అడిగినందువల్ల నియమమే మారింది. అడగడం విశ్వాసానికి విరుద్ధం అనుకునేవాళ్లు ఆ అధ్యాయం మళ్లీ చదవాలి.

మా అమ్మాయి ఇప్పుడు ప్లస్ వన్ చదువుతోంది. ఆఫీసుకు పోవడం లేదు, అయినా శనివారాలు సంఘంలో బల్ల వేసుకుని కూర్చుంటుంది. ఇంకో ఇద్దరు పిల్లలు తోడయ్యారు. రాసిన అర్జీలను వీధివాళ్లే తీసుకెళ్లి నంబరు అడుగుతున్నారు. ఆఫీసాయన మొన్న నాయనమ్మతో, "మీ మనవరాలు మళ్లీ రాదా?" అన్నాడట. వచ్చే వేసవికి ఇద్దరిని పంపుతాం, చేతిలో సంఘం ఉత్తరం పెట్టి పంపుతాం. ఆ ఉత్తరం తీసుకోకపోతే తీసుకోలేదని ఆ నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకుంటాం.

మీ సంఘంలో తమిళమో, కన్నడమో, ఒడియానో, మరాఠీయో చక్కగా రాయగల పిల్ల ఒకరైనా ఉంటుంది. ఈ ఆదివారం ఆమెను అడగండి. మీ వీధి కష్టాలు ఏ పుస్తకంలో ఎన్ని ఎక్కాయో చూసి రమ్మనండి. ఆమె చెప్పే జవాబు వినడానికి పెద్దలం మనం సిద్ధపడాలి.